ఆర్న్‌బెక్‌కి బయలుదేరిన అంటుమొక్క

హౌరా నుంచి వచ్చే మద్రాసు మెయిల్ ఏలూరు స్టేషన్లో ఆగింది. ఉదయం ఏడున్నర. సెకండ్ క్లాసు పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్న మనిషి కాఫీ కావాలా అంటే పలకలేదు. కాఫీ అమ్మే ఆయన రెండుసార్లు పిలిచి, మూడోసారి భుజం తట్టాడు. ఆ మనిషి అలాగే పక్కకి ఒరిగిపోయాడు.

పేరు గోపాలకృష్ణ. వయసు ముప్పై నాలుగు. విశాఖపట్నంలో డిఫెన్స్ పనులు చూసే ఒక డ్రాయింగ్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. చొక్కా జేబులో నూజివీడు స్టేషన్‌కి టిక్కెట్టుంది. దానితో పాటు ఒక కొత్త బ్యాడ్జి. దాని మీద ఒక మామిడికాయ, ఒక ఆపిల్, వాటి మధ్య కలుపుకున్న రెండు చేతులు. మెడ వెనక దోమ కుట్టినంత ఎర్రటి చుక్క.

అది దోమ కాదని పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు మధ్యాహ్నానికల్లా తేల్చాడు.

ఆ సాయంత్రం ఏజెంట్ శౌరి బెజవాడ గవర్నరుపేటలో ఒక సైకిల్ షాపు మీది గదిలో, చెక్క కుర్చీలో కూర్చుని తన చీఫ్ చెప్పేది వింటున్నాడు. 1964 మే నెల. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు.

శౌరికి నలభై తొమ్మిదేళ్ళు. సర్వీసు ఇరవై రెండేళ్ళు. ఇంతవరకూ పదకొండు పేర్లతో బతికాడు. పాండిచ్చేరిలో తగిలిన తూటా ఎడమ మోకాల్లో ఒక ముక్క వదిలి వెళ్ళింది. కడుపులో అల్సరుంది. సెలవు కావాలని అర్జీ పెట్టి నాలుగు నెలలైంది.

"ఇదీ సెలవులాంటిదేనయ్యా. మామిడిపళ్ళ సీజను," అన్నాడు చీఫ్ సత్యనారాయణమూర్తి.

"డాక్టరు మామిడిపండు ముట్టుకోవద్దన్నాడు సార్."

చీఫ్ వినిపించుకోనట్టు ఫైలు తెరిచాడు. "యూరప్‌లో ఆర్న్‌బెక్ అని ఒక చిన్న టౌన్ ఉంది. చుట్టూ ఆపిల్ తోటలు. దానికీ నూజివీడుకీ స్నేహం కుదిర్చారు. జంట పట్టణాలట. ఆ శవం జేబులో దొరికిన బ్యాడ్జి వాళ్ళదే. అక్కడి మేయరూ, ఇంకో ఏడుగురూ ఇవాళ పొద్దున అదే మెయిల్లో వచ్చి నూజివీడు స్టేషన్లో దిగారు. తొమ్మిది రోజులుంటారు."

"గోపాలకృష్ణ ఆ రైలు ఎక్కింది?"

"వాల్తేరులో. రేవు అడుగున ఎక్కడ ఎంత లోతుందో, కొత్త డాక్ ఎక్కడ కడుతున్నామో చూపించే చార్టులు పద్నాలుగు. మైక్రోఫిల్మ్ తీశాడు. ఫిల్మ్ రైల్లోనే చేతులు మారింది. పుచ్చుకున్నవాడు రసీదు బదులు సూది గుచ్చాడు. ఎనిమిది మందిలో ఒకడు కొరియర్. వాడి వెనక ఉన్న స్పై రింగ్‌కి దేశం లేదు, జెండా లేదు. ఎవరికి కావాలంటే వాళ్ళకి అమ్ముతారు."

"అందర్నీ ఒక్కసారి సోదా చేయిస్తే పోలా?"

"స్టేట్ గెస్టులు. మంత్రి గారు పూలదండలు వేసి పంపారు. అరెస్టులు లేవు, గొడవ లేదు, పేపర్లో ఒక్క ముక్క రాకూడదు. నాకు ఫిల్మ్ కావాలి, అంతే. రిసెప్షన్ కమిటీ కారు డ్రైవరుకి అత్తగారి ఊరి నుంచి టెలిగ్రాం వెళ్ళింది. రేపట్నుంచి అతని బదులు కొత్త డ్రైవర్ ఇన్నయ్యవి నువ్వే."

చీఫ్ ఒక సిగరెట్ లైటరు, ఒక ఫౌంటెన్ పెన్ను బల్ల మీద పెట్టాడు. లైటర్లో కెమెరా ఉంది. పెన్నులో ఏముందో చీఫ్ చెప్పబోతుంటే అది సిరా కక్కి బల్లంతా నీలం చేసింది. శౌరి పెన్ను అక్కడే వదిలేశాడు.

"డెలిగేషన్ వెంట మన మనిషి ఒకరున్నారు," అన్నాడు చీఫ్, సిరా తుడుచుకుంటూ. "మద్రాసు నుంచి వచ్చిన ఇంటర్‌ప్రిటర్. కల్యాణి."

శౌరి లేవబోయేవాడల్లా ఆగాడు. "ఆవిడ మన మనిషని ఎవరు చెప్పారు సార్?"

"ఆవిడే."

పాండిచ్చేరిలో శౌరి ఏ సందులోంచి వస్తాడో తెలిసిన మనుషులు ఇద్దరే. ఒకరు శౌరి. రెండోవారు కల్యాణి.

* * *

నూజివీడు పొలిమేరలో కొత్త బోర్డు పాతారు. మీద తెలుగులో, కింద ఇంగ్లీషులో: 'ఆర్న్‌బెక్ – 4,900 మైళ్ళు.' ఆ అంకె వేయించింది రాఘవయ్య. మామిడి వ్యాపారి, ఫ్రెండ్‌షిప్ కమిటీ ప్రెసిడెంటు. ఎవరో తెచ్చి ఇచ్చిన ఒక వ్యవసాయ పత్రికలో ఆర్న్‌బెక్ మేయరు ప్రకటన చూశాడు. పళ్ళు పండించే ఊరు ఏదైనా తమతో స్నేహం చేస్తుందా అని అందులో అడిగారు. రాఘవయ్య డిక్షనరీ ముందేసుకుని రాత్రింబవళ్ళు కూర్చుని జవాబు రాశాడు. నాలుగేళ్ళు ఉత్తరాలు నడిచాయి. ఇప్పుడు ఆ మేయరు ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని పెసరట్టు తింటున్నాడు. రాఘవయ్యకి భూమ్మీద కాలు ఆనడం లేదు.

"చూడు ఇన్నయ్యా," అన్నాడు మొదటి రోజే శౌరి భుజం మీద చెయ్యేసి. "కారు నెమ్మదిగా తోలు. గోతుల్లో ఎగరెయ్యకు. మన రోడ్లు ఇలా ఉంటాయని ఆయన ఊరెళ్ళి చెప్పుకుంటే మనకెంత నామోషీ!"

"అట్టాగేనండీ."

మేయరు ఫోస్‌కి డెబ్భై ఏళ్ళుంటాయి. ఎండకి కందిపోయిన ముఖం, పెద్ద పెద్ద చేతులు. ఆయన పక్కనే ఎప్పుడూ డాక్టర్ లెంజ్ ఉంటాడు. వృక్షశాస్త్రవేత్త. సన్నగా, శుభ్రంగా ఉంటాడు. ఎంత ఎండలోనూ కోటు విప్పడు. మిగతా ఆరుగురూ బళ్ళో పంతుళ్ళు, తోటల రైతులు. వాళ్ళని వ్యానులో తిప్పుతున్నారు. పెద్దవాళ్ళిద్దరూ, ఇంటర్‌ప్రిటరూ శౌరి నడిపే కార్లో.

మూడోరోజు రెడ్డిగూడెం తోటల్లో వనభోజనం. నీలంరంగు పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, చేతిలో చిన్న తోలు సంచి. కల్యాణి నడిచి వస్తుంటే కాయలు కోసేవాళ్ళు కూడా చిక్కాలు దించి చూశారు. కారు పక్కకి వచ్చి నిలబడింది. చుట్టూ ఎవరూ లేకుండా ఇద్దరూ ఎదురుపడటం అదే మొదటిసారి.

"ఇక్కడ కలెక్టరు కాయలు దొరుకుతాయా?" అని అడిగింది.

"కలెక్టరు బదిలీ అయిపోయాడండీ," అన్నాడు శౌరి.

కోడ్ కలిసింది. ఆమె కళ్ళద్దాలు తీసింది. కళ్ళ కింద నల్లటి గీతలు. ఆమెకి ముప్పై ఎనిమిది. ఆ గీతల్ని పౌడరు పూర్తిగా దాచలేకపోయింది.

"మోకాలు ఎలా ఉంది?"

"వానొచ్చే ముందు చెబుతుంది. ఫిల్మ్ ఎవరి దగ్గరుంది?"

"మేయరు కెమెరా సంచిలో. అడుగున తోలు కింద." ఆమె మళ్ళీ అద్దాలు పెట్టుకుంది. "నన్ను నమ్మడం లేదు కదూ?"

"నేను డ్రైవర్నండీ. నమ్మడం నా పని కాదు."

ఆమె చెట్ల వైపు నడిచింది.

అవతల చెట్ల కింద మేయరు ఒక కూలీమనిషి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆ మనిషి పేరు పెద్దిరాజు. రాఘవయ్య తోటలో అంట్లు కట్టేది అతనే. చిన్న రసం మామిడి కొమ్మని, కుండీలో పెంచిన మొక్కతో జత చేసి, తడిపిన అరటినారతో చుట్టి, పైన పేడా మట్టీ మెత్తుతాడు. మేయరు కళ్ళార్పకుండా చూశాడు. అయ్యాక పెద్దిరాజు ఎడమచెయ్యి పట్టుకుని బొటనవేలు తిప్పి చూశాడు. మీద పాత కత్తిగాటు. మేయరు తన బొటనవేలు పక్కన పెట్టాడు. అదే చోట అదే గాటు. ఆపిల్ చెట్లకి అంట్లు కట్టి కట్టి పడింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పకపకా నవ్వారు. ఇంటర్‌ప్రిటర్ కావాలని ఎవరికీ తోచలేదు.

"ఈయన పెద్ద దొరేం కాదు మంగమ్మా. మనోడే," అన్నాడు పెద్దిరాజు భార్య వైపు తిరిగి.

ఆరునెలల కిందట పెద్దిరాజు కట్టిన అంటుమొక్క ఒకటి రాఘవయ్య వరండాలో సిద్ధంగా ఉంది. ఆర్న్‌బెక్ వాళ్ళు దానికోసమే ఒక అద్దాల ఇల్లు కట్టారట. నూజివీడు తరఫున కానుక అదే. గవర్నమెంటు సీలు వేసిన కాగితం కూడా వచ్చింది. కస్టమ్స్ వాళ్ళు ఆ మొక్కని ముట్టుకోకూడదు. డాక్టర్ లెంజ్ రోజూ పొద్దున దానికి స్వయంగా నీళ్ళు పోస్తున్నాడు.

ఆ సంగతి శౌరి చూశాడు. చూసి కూడా పట్టించుకోలేదు. అలిసిపోయిన కన్ను చూస్తుందిగానీ ఆలోచించదు.

* * *

నాలుగోరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ కునుకు తీస్తున్నప్పుడు శౌరి మేయరు కెమెరా సంచి విప్పాడు. తోలు కింద ఫిల్మ్ లేదు. ఒక ముసలావిడ ఫోటో ఉంది. వెనక ఒక తారీఖు, ఒక శిలువ గుర్తు. చనిపోయిన భార్య కాబోలు. శౌరి దాన్ని ఉన్నచోటే పెట్టి తోలు సరిచేశాడు. ఒక ముసలివాడి దుఃఖంలో చెయ్యి పెట్టి కెలికినట్టయింది.

ఐదోరోజు లెంజ్ పెట్టె. ఆరోరోజు పంతుళ్ళవి. ఏడోరోజు టూత్‌పేస్టు గొట్టాలు, బూట్ల మడమలు, గొడుగు కర్రలు. ఏమీ దొరకలేదు. మధ్యలో జి. కొండూరు రైతుల సభ, బళ్ళో పిల్లల డ్రిల్లు, సన్మానం మీద సన్మానం. మంటెక్కిన కడుపుతో శౌరి మజ్జిగ తాగుతూ కార్లో కూర్చునేవాడు. వీపు చెమటతో సీటుకి అతుక్కుపోయేది.

ఎనిమిదోరోజు కల్యాణిని కారు దగ్గర నిలదీశాడు.

"సంచిలో లేదు."

"నాకు తెలిసింది చెప్పాను."

"కల్యాణీ, ఇంతకీ నువ్వెవరి వైపు?"

ఆమె తోట వైపు తిరిగింది. "వాళ్ళు మాట్లాడింది వీళ్ళకి చెబుతాను. వీళ్ళు మాట్లాడింది వాళ్ళకి చెబుతాను. పదిహేనేళ్ళుగా ఇదే పని. నా మాట ఒక్కటి ఎవరైనా అడిగితే కదా శౌరీ, నేను ఏ వైపో నాకు తెలిసేది."



* * *

తొమ్మిదోరోజు ఉదయం. బెజవాడ వెళ్ళి మద్రాసు రైలు ఎక్కాలి. రాఘవయ్య ఇంటిముందు బ్యాండుమేళం. వ్యాను ముందే వెళ్ళిపోయింది. కార్లో వెనక సీట్లో మేయరు, మధ్యన కల్యాణి, ఈవల కిటికీ పక్కన డాక్టర్ లెంజ్. అంటుమొక్క కుండీ లెంజ్ ఒళ్ళో ఉంది. ముందుసీట్లో కూర్చోవాల్సిన రాఘవయ్య ఇంకా దండలు పంచుతున్నాడు.

పెద్దిరాజు జనాన్ని తోసుకుంటూ కారు దగ్గరికి వచ్చాడు. వాలంటీర్లు వెనక్కి నెట్టారు. మళ్ళీ వచ్చాడు. చివరికి చుట్టూ తిరిగి డ్రైవరు వైపు వచ్చి కిటికీలో తల దూర్చాడు.

"ఇన్నయ్యా, ఒక్క మాట. కిందకి దిగు."

శౌరి దిగాడు. "ఏంటి పెద్దిరాజు?"

"ఆ అంటు చూశావా? ఆ కట్టు నాది కాదు."

"నీది కాకపోవడమేంటి?"

"మొక్క నాదే. కట్టు నాది కాదంటున్నా. ఎవరో ఇప్పి మళ్ళీ కట్టారు. నేను నార తడిపి ఎడమ నుంచి తిప్పుతా. ఇదేమో ఎండు నారతో కుడి నుంచి తిప్పారు. పైన మట్టి కూడా కొత్తది. గాలి దూరి ఆ అతుకు ఊడిపోద్ది. అంత దూరం పోయి ఎండిపోతే ఆ పెద్దాయన ఏమనుకుంటాడు? పెద్దిరాజుకి అంటు కట్టడం రాదనుకోడూ?"

శౌరి తలలో తొమ్మిది రోజుల మబ్బు ఒక్కసారిగా విడిపోయింది. మైక్రోఫిల్మ్ చుట్ట చింతగింజంత ఉంటుంది. అతుకు దగ్గర పెట్టి నార చుట్టి మట్టి మెత్తితే ఎవరికి తెలుస్తుంది? గవర్నమెంటు సీలే దానికి కాపలా!

ఓరగా కారులోకి చూశాడు. లెంజ్ ఒక చేత్తో కుండీ పట్టుకున్నాడు. రెండో చెయ్యి కోటు జేబులో ఉంది. జేబు బరువుగా కిందికి వేలాడుతోంది. చుట్టూ ఆడవాళ్ళు, పిల్లలు, బ్యాండువాళ్ళు. ఇక్కడ ఏం జరిగినా శవాలు లేస్తాయి. బెజవాడ చేరితే రైలు, ఆ తర్వాత సముద్రం. మధ్యలో ఒక్కటే చోటు.

అప్పుడు శౌరి చేసిన పని అతనికి తర్వాత చాలాకాలం గుర్తుండిపోయింది.

"పెద్దిరాజూ, కాయల లారీ ఏదైనా జంక్షన్‌కి పోతోందా?"

"కొండయ్య లారీ పోతంది. స్టార్టు చేశాడు."

"ఎక్కేసెయ్. హనుమాన్ జంక్షన్లో కారు ఆపుతా. నువ్వు సరాసరి వచ్చి మేయరు గారితోనే చెప్పుకో. ఆ కట్టు నాది కాదు, విప్పి మళ్ళీ కడతానని అడుగు. ఎవరు వద్దన్నా వినకు."

"ఆయన ఇంటాడా?"

"నీ మాటే వింటాడు."

జేబులో పిస్తోలు ఉందని శౌరి చెప్పలేదు. చెబితే ఆ మనిషి నడక మారిపోతుంది. మారితే లెంజ్ కనిపెడతాడు. లెక్క సరైనదే. అయినా పరిగెడుతున్న పెద్దిరాజు చిరిగిన బనీను వీపు కనుమరుగయ్యేదాకా శౌరి కారెక్కలేదు.

* * *

దారిలో కాయల లారీ హారన్ కొట్టుకుంటూ కారుని దాటిపోయింది. శౌరి నెమ్మదిగా పోనిచ్చాడు.

"ఏంటి ఇన్నయ్యా, ఇవాళ మరీ ఎద్దుబండి చేశావ్?" అన్నాడు రాఘవయ్య.

"ఇంజను వేడెక్కిందండీ."

హనుమాన్ జంక్షన్. కలకత్తా-మద్రాసు ట్రంక్ రోడ్డు మీద నాలుగువైపుల నుంచీ లారీలు. మామిడికాయల బుట్టలు, గడ్డి, దుమ్ము, టీ బంకులు. శౌరి కారు రోడ్డు పక్కకి తీసి బానెట్ ఎత్తాడు. ఎవరూ చూడకుండా రేడియేటరు మూత వదులు చేసేసరికి బుస్సుమని ఆవిరి లేచింది.

"పది నిమిషాలండీ. నీళ్ళు పొయ్యాలి."

రాఘవయ్య మేయరుని దింపి సోడా తాగించడానికి తీసుకెళ్ళాడు. లెంజ్ దిగలేదు. కల్యాణి కూడా అతని పక్కనే ఉండిపోయింది.

పెద్దిరాజు లారీల మధ్య నుంచి వచ్చాడు. శౌరి చెప్పినట్టే ఎవరి వైపూ చూడకుండా సరాసరి మేయరు దగ్గరికి నడిచాడు. రెండు చేతులూ జోడించి, మొక్క వైపు చూపించి, గబగబా ఏదో చెప్పాడు. మేయరుకి మాట అర్థం కాలేదు గానీ ముఖం అర్థమైంది. అతని భుజం పట్టుకుని కారు దగ్గరికి తీసుకొచ్చాడు. కిటికీలో నుంచి కల్యాణిని ఏదో అడిగాడు. ఈయన ఏమంటున్నాడు అని కాబోలు.

"చెప్పండమ్మా," అన్నాడు పెద్దిరాజు. "ఈ కట్టు నాది కాదని చెప్పండి. ఎవరో ఇప్పి కట్టారు. నన్ను మళ్ళీ కట్టనివ్వమనండి. అర్ధగంట పట్టదు. ఈ మొక్క బతకాలి తల్లీ."

లెంజ్ పెదవులు కదపకుండా, మేయరుకి రాని జర్మన్‌లో ఒక ముక్క అన్నాడు. శౌరికి జర్మన్ కొద్దిగా వచ్చు. 'ముష్టి అడుగుతున్నాడని చెప్పు.'

బానెట్ వెనక నిలబడి శౌరి ఆమె ముఖమే చూస్తున్నాడు. చేతిలో జాకీ రాడ్. పదిహేనేళ్ళ నుంచి ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసిన నోరు. ఇప్పుడు అందులోంచి ఏ మాట వస్తుందో దేవుడికి కూడా తెలియదనిపించింది.

కల్యాణి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత మేయరు వైపు తిరిగి, నిదానంగా, ఒక్కొక్క ముక్కా విడదీసి చెప్పింది. పెద్దిరాజు అన్నదంతా చెప్పింది. ఎండు నార, కుడి నుంచి తిప్పడం, అతుకు ఊడిపోవడం. 'ఈ కట్టు నాది కాదు' అన్న మాట రెండుసార్లు చెప్పింది.

మేయరు ముఖం గంభీరమైంది. ఆయనా అంట్లు కట్టినవాడే. వంగి అతుకు చూశాడు. తలూపి, లెంజ్ ఒళ్ళోంచి కుండీ అందుకోవడానికి రెండు చేతులూ చాచాడు.

లెంజ్ ఇవ్వలేదు. మేయరు ఆశ్చర్యంగా చూసి గట్టిగా లాగాడు. కుండీ ఆయన చేతుల్లోకి వచ్చేసింది. లెంజ్ కుడిచెయ్యి జేబులోనే బిగిసింది. కోటు గుడ్డ ముందుకి పొడుచుకొచ్చింది. అది సరిగ్గా పెద్దిరాజు రొమ్ముకి ఎదురుగా ఉంది.

శౌరి కదిలాడు. మోకాలు సహకరించలేదు. బానెట్ నుంచి వెనక తలుపుకి నాలుగు అడుగులు. రెండు అడుగులు ఆలస్యమయ్యాడు.

ఠప్‌మని చప్పుడైంది. అదే సమయంలో ఎదర లారీ హారన్ కొట్టింది.

"టైరు పేలినట్టుందండోయ్!" అని బంకు దగ్గర ఎవరో అరిచారు.

పెద్దిరాజు నిలబడే ఉన్నాడు. అతను వెనక్కి కూడా తిరగలేదు. మొక్కనే చూస్తూ, కుండీతో గడ్డి వైపు నడిచిన మేయరు వెంట వెళ్ళాడు.

కల్యాణి ఎడమచెయ్యి లెంజ్ జేబు మీద ఉంది. పిస్తోలు గొట్టాన్ని అరచేత్తో నొక్కి కిందికి వంచింది. తూటా ఆ చేతిలోంచి సీటు అడుగులోకి పోయింది. శౌరి తలుపు తెరిచి జాకీ రాడ్‌తో లెంజ్ మణికట్టు మీద ఒక్కటి కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు చిన్నగా వినిపించింది. రెండో దెబ్బ మెడ మీద. లెంజ్ సీట్లోకి జారిపోయాడు.

"అయ్యో, డాక్టరు గారికి వడదెబ్బ కొట్టిందండీ!" అని శౌరి గట్టిగా అరిచాడు. "నీళ్ళు! తడిగుడ్డ తెండి!"

రాఘవయ్య కంగారుగా సోడా సీసాతో పరిగెత్తుకొచ్చాడు. "ఈ ఎండలో ఆ కోటేంటయ్యా అని నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా!"

కల్యాణి చేతిని పట్టుచీర కొంగులో చుట్టేసుకుంది. నీలం రంగు నల్లబడుతోంది. ముఖం సున్నంలా పాలిపోయింది. మేయరు రోడ్డు పక్క గడ్డి మీద కూర్చుని ఆమెని పిలిచి ఏదో అడిగాడు. ఆమె కారు తలుపుకి ఆనుకుని నిలబడి, పళ్ళ బిగువున తెలుగులోకి మార్చి చెప్పింది.

"పెద్దిరాజు గారూ, నార ఎంతసేపు నానాలని అడుగుతున్నారు."

"అరపూట నానాలమ్మా. కానీ ఇక్కడ సోడా నీళ్ళతోనే సరిపెడదాం. నడుముకి కొత్త నార కట్టుకునే వచ్చా."

అతని వేళ్ళు కట్టు విప్పుతున్నాయి. ఎండిన మట్టి పెళ్ళలు రాలాయి. నార ఊడింది. అతుకు సందులోంచి నల్లటి చిన్న చుట్ట ఒకటి బయటపడింది.

"ఏదో పురుగు గూడు పెట్టింది," అన్నాడు పెద్దిరాజు అసహ్యంగా, వేలితో దాన్ని చిమ్మేశాడు.

అది రోడ్డు మీద పడి దొర్లింది. కొండయ్య లారీ వెనక్కి వస్తోంది. చక్రానికీ చుట్టకీ మధ్య జానెడు. చార్టులు పద్నాలుగూ నలిగిపోయినా దేశానికి నష్టం లేదు. కానీ ఏమేం పోయాయో, ఏమేం బయటపడ్డాయో ఆ ఫిల్మ్ చూస్తేగానీ తెలియదు. శౌరి కుంటుతూనే మూడు అంగలు వేసి దానిమీద చెప్పుకాలు పెట్టి తన వైపు లాగేసుకున్నాడు. టైరు అతని పంచె అంచు తొక్కి ఆగింది.

"చూసుకోవద్దటయ్యా!" అని కొండయ్య లారీలోంచి తిట్టాడు. "చావడానికి నా బండే దొరికిందా?"

శౌరి కాలు కదపలేదు. పెద్దిరాజు కట్టు పూర్తి చేసేదాకా, ఎడమ నుంచి తిప్పి, నొక్కి, మట్టి మెత్తి, తడి గుడ్డ చుట్టేదాకా అక్కడే నిలబడ్డాడు. మేయరు కుండీ ఒళ్ళో పెట్టుకుని పెద్దిరాజు చెయ్యి గట్టిగా ఊపాడు. అప్పుడు శౌరి వంగి చెప్పు సర్దుకున్నాడు.

* * *

డాక్టర్ లెంజ్‌కి వడదెబ్బ వల్ల విశ్రాంతి అవసరమని మేయరుకి కబురు చేశారు. ఆ విశ్రాంతి ఎక్కడో, ఎన్నాళ్ళో చీఫ్ ఒక్కడికే తెలుసు. మిగతా ఏడుగురూ మద్రాసు వెళ్ళి విమానం ఎక్కారు. రాఘవయ్య ప్లాట్‌ఫారం మీద నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. కల్యాణి చెయ్యి కారు తలుపులో పడి నలిగిందని నమ్మి, ఇన్నయ్యని రెండు మాటలు కూడా అన్నాడు.

అది జరిగిన మూడోరోజు మధ్యాహ్నం శౌరి బెజవాడ ఆసుపత్రికి వెళ్ళాడు. కల్యాణి చేతికి మోచేతిదాకా కట్టు. రెండు వేళ్ళు ఇక ముడుచుకోవని డాక్టర్లు చెప్పారు.

"కెమెరా సంచి అబద్ధం," అంది ఆమె అడక్కుండానే. "ఫిల్మ్ మొక్కలో ఉందని నాకు తెలుసు. లెంజ్ నాకు పాస్‌పోర్టు ఇస్తానన్నాడు. వాళ్ళతో పాటు ఆర్న్‌బెక్ వెళ్ళిపోయి, ఏ బళ్ళోనో భాషలు చెప్పుకుంటూ బతుకుదామనుకున్నాను. నాకు విసుగొచ్చేసింది శౌరీ."

"పాండిచ్చేరి?"

"అదీ నేనే. నిన్ను కాల్చరు, పట్టుకుంటారంతే అన్నారు. నమ్మాను."

శౌరి మోకాలు నిమురుకున్నాడు. కోపం తెచ్చుకుందామని చూశాడు గానీ దానికి కావలసినంత ఓపిక మిగల్లేదు.

"మరి జంక్షన్లో ఎందుకు మారావ్?"

"ఏమో. మంత్రులవి, ఏజెంట్లవి, దొంగలవి ఎన్ని మాటలో నా నోటి గుండా వెళ్ళాయి. ఆ పెద్దిరాజు వచ్చి ఈ కట్టు నాది కాదు, మొక్క బతకాలి అన్నాడు. అంత నిజమైన మాట నేను ఎప్పుడూ తర్జుమా చెయ్యలేదు. దాన్ని ముష్టి అని చెప్పడానికి నోరు రాలేదు." చేతి కట్టు సరిచేసుకుని అడిగింది. "నా సంగతి రిపోర్టులో ఏమని రాశావ్?"

"ఇంకా రాయలేదు."

అతను మంచం పక్కనే కూర్చుని, నర్సు దగ్గర అరువడిగిన పెన్సిలుతో రిపోర్టు పూర్తి చేశాడు. ఇంటర్‌ప్రిటర్ పేరుకి ఎదురుగా 'మన మనిషి' అని రాశాడు. రాసిన తర్వాత ఒక నిమిషం దాన్ని చూశాడు. కొట్టెయ్యలేదు.

ఆ వారంలోనే శౌరి నూజివీడు వెళ్ళి పెద్దిరాజు ఇంటిముందు నిలబడ్డాడు. ఆ రోజు నీ ప్రాణం పణం పెట్టాను, నీకు చెప్పలేదు అని చెబుదామని వెళ్ళాడు. పెద్దిరాజు అరుగు తుడిచి కూర్చోబెట్టాడు. మంగమ్మ మజ్జిగ ఇచ్చింది. మేయరు బొటనవేలు సంగతి ఇద్దరూ పోటీపడి గంటసేపు చెప్పారు. శౌరి మజ్జిగ తాగి, చెప్పాలనుకున్నది చెప్పకుండానే లేచి వచ్చేశాడు.

జులైలో చీఫ్ నుంచి ట్రంక్ కాల్ వచ్చింది.

"శౌరీ, ఫస్ట్ క్లాస్ వర్క్. పైవాళ్ళు చాలా సంతోషించారు."

"నా సెలవు సార్?"

"అదే చెబుతున్నా. వచ్చే నెల్లో నూజివీడు వాళ్ళు ఆర్న్‌బెక్ వెళుతున్నారు. రిటర్న్ విజిట్. పెద్దిరాజుని కూడా తీసుకెళుతున్నారు. అక్కడ లెంజ్ మనుషులు ఇద్దరు ఇంకా ఉన్నారని మనకి సమాచారం. రాఘవయ్య గారేమో డ్రైవర్ ఇన్నయ్య లేకుండా కదలనంటున్నాడు. మనకి ఇంతకంటే మంచి కవర్ దొరకదు."

"నేను వెళ్ళలేను సార్."

"ఏం? మోకాలా?"

"కాదు సార్. ఆ దేశాల్లో రోడ్డుకి కుడివైపున నడపాలట," అన్నాడు శౌరి. "ఇన్నేళ్ళు ఎడమవైపే నడిపినవాణ్ణి. ఈ వయసులో ఇక వైపు మారడం నా వల్ల కాదు."